తాత విడిచిపెట్టిన నేల

మన ఊళ్ళలో ఇప్పుడు పెద్దవాళ్ళు పోతే ఫ్లెక్సీ కడుతున్నారు. చింతూరులోనో భద్రాచలంలోనో కొట్టించి తెచ్చి ఊరి మొదట్లో ఉన్న చింతచెట్టుకు కడతారు. ఆధార్ కార్డు మీది ఫొటోను పెద్దది చేసి మధ్యలో పెడతారు. వెనకాల ఒక జలపాతం, మంచు కొండలు ఉంటాయి. అవి ఏ దేశపు కొండలో కట్టినవాళ్ళకీ తెలియదు. కింద రెండు మాటలు మాత్రం తప్పకుండా ఉంటాయి. ఒకటి 'కష్టజీవి', రెండోది 'ప్రకృతి ప్రేమికుడు'. మా అయ్య పోయినప్పుడు ఊరి కుర్రాళ్ళు తలా కొంత వేసుకుని అలాంటిదే కట్టారు. ప్రేమతో కట్టారు, అందులో వంక పెట్టేది లేదు. అయితే ఆ రెండు మాటల మీద మా అన్నదమ్ములకీ మా అక్కకీ మధ్య అప్పుడు మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదు. మా అయ్యను, ఆయన్ని కన్న మా తాతను తలుచుకోవడానికి ఆ మాటలు సరిపోతాయా? అసలు అవి ఎవరి మాటలు? చదువుకున్న మన పిల్లలు, వాళ్ళకు చదువు చెప్పే టీచర్లు కూడా ఆలోచించవలసిన సంగతి అనిపించి ఇది రాస్తున్నాము.

ముందు కష్టం సంగతి చూద్దాం. మన పెద్దలను సోమరులని రాసిన కాగితాలు చాలా ఉన్నాయి. తెల్లదొరల కాలం నుంచీ పోడును అడవిని తగలేసే పని అనీ, ఒళ్ళు వంచనివాడి సేద్యమనీ అధికారులు అంటూ వచ్చారు. 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది, రిజర్వు గీతలు వచ్చాయి, పోడు నేరమైంది. విచిత్రం ఏమిటంటే అదే మనిషిని దొరగారి సామాను మోయడానికి, కొండ మీదికి బాట వేయడానికి పట్టుకుపోయినప్పుడు అతను సోమరి అన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గూడెం కొండల్లో ఘాట్ రోడ్డుకు తక్కువ కూలితో చేయించుకున్న గొడ్డుచాకిరీ మీద కోపం, పోడు ఆపారన్న కోపం కలిసే 1922లో గాం గంటం దొర, మల్లు దొర లాంటి వాళ్ళను అల్లూరి సీతారామరాజు వెంట నడిపించాయి. అంటే సోమరి అన్న మాటా, కష్టజీవి అన్న మాటా రెండూ బయటివాళ్ళ కొలతలోనివే. తనకు పని చేసిపెడితే కష్టజీవి, తన చేను తాను చేసుకుంటే సోమరి.

మా తాత కూడా వెట్టి మోసినవాడే. క్యాంపుకు వచ్చిన వాళ్ళ పెట్టెలు కావడి కట్టి మోశాడు. కుడి భుజం మీద చేప వీపులాగా ఒక కాయ ఉండేది. చిన్నప్పుడు మేము దాన్ని వేలితో నొక్కి ఆడుకునేవాళ్ళం. ఆ మోసిన దాన్ని తాత ఎన్నడూ 'పని' అనలేదు. 'మోత' అనేవాడు. రోడ్డుకు రాళ్ళు కొట్టినదాన్ని, ఆకు కల్లం దగ్గర బస్తాలు తొక్కినదాన్ని 'కూలి' అనేవాడు. చేను కొట్టడం, విత్తడం, ఇల్లు కప్పుకోవడం, ఇప్పపువ్వు ఏరడం, ఎవరింట్లోనన్నా పెళ్ళికి పందిరి వేయడం, ఇవే 'పని'. ఒక్క మనిషి ఒళ్ళు పడిన శ్రమకు ఆయన దగ్గర మూడు పేర్లున్నాయి. ఫ్లెక్సీ మీది మాట ఆ మూడింటినీ ఒకే బస్తాలో పోసి మూతి కట్టేస్తుంది. మోతను కూడా కష్టమని పొగిడితే మోయించిన వాడి తప్పు కనిపించకుండా పోతుంది కదా అని మా అన్నదమ్ముల వాదన.

మా అక్క ఒప్పుకోలేదు. ఆమె అన్నది ఇది: "భుజానికి మూడు పేర్లు తెలియవు. కాయ ఒక్కటే కాసింది. మోతలో గౌరవం లేదని మీరు తీసేస్తే ఆయనకు మిగిలేది అవమానం ఒక్కటే. ఆ మోత మోసి కూడా సాయంత్రానికి ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకున్నాడు చూడండి, దాన్ని ఏమంటారు?" దీనికి మేము తేలిగ్గా జవాబు చెప్పలేకపోయాము. ఇప్పటికి కుదిరిన రాజీ ఏమిటంటే, ఓర్చిన మనిషికి దండం పెట్టవచ్చు, ఓర్పించిన పనికి పెట్టనక్కరలేదు. పిల్లలకు చెప్పేటప్పుడు ఈ రెండిటినీ విడదీసి చెప్పాలి. "మీ ముత్తాత బాగా కష్టపడ్డాడు" అని ఊరుకుంటే వాడు రేపు కంపెనీలో పన్నెండు గంటలు నిలబెట్టినా అదే గొప్ప అనుకుంటాడు.

ఇంకొకటి ఉంది. తాత పని చేయని రోజులు. కష్టజీవి అన్న మాటలో వాటికి చోటే లేదు. భూమి పండుగ రోజుల్లో చేనికి పోకూడదు. మామిడికాయ పండుగ కాకముందు కాయ కొరకకూడదు, కొత్త పంటకు పండుగ చేయకుండా గింజ నోట్లో వేయకూడదు. ఈ కూడదులన్నీ తాత ఇష్టంగా పాటించాడు. ఆగడం కూడా ఆయనకు తెలిసిన విద్యల్లో ఒకటి. ఇక మంచె. జొన్న పాలు పోసుకునే రోజుల్లో తాత రాత్రంతా మంచె మీద ఉండేవాడు, అడవిపందులు రాకుండా. కింద నెగడు వేసి, పైన కూర్చుని అప్పుడప్పుడు కేక వేసేవాడు. ఎదుటి కొండ మీద చేను నుంచి ఇంకొకరు కేక వేసేవారు. మధ్యలో ఎవరో పాట ఎత్తుకునేవారు. అది పనా, విశ్రాంతా? ఉపాధి హామీ మస్టరులో ఆ రాత్రికి గడి లేదు. తాతను అడిగి ఉంటే ఆ ప్రశ్నే అర్థమయ్యేది కాదు. పనినీ ఇష్టాన్నీ రెండు వేరు కుప్పలుగా పోసే అలవాటు మనకు కూలితో వచ్చింది. ఆ రెండూ విడిపోయిన తరువాత పుట్టినవాళ్ళం కాబట్టి కలిసి ఉన్నప్పుడు ఎలా ఉండేదో ఊహించడానికి మనం కష్టపడవలసి వస్తోంది.

ఇప్పుడు రెండో మాట. ప్రకృతి ప్రేమికుడు.

'ప్రకృతి' అనే మాట తాత నోట మేము వినలేదు. 'ఆరుబయట తిరగడం ఇష్టం' అని పట్టణం వాళ్ళు చెప్పుకుంటారు. మా తాతకు బయట అంటే వేరు. తాలూకా ఆఫీసుకు పోవడం బయటికి పోవడం. పోలీసుస్టేషన్ బయట. సంత కూడా సగం బయట. శబరి ఒడ్డు, ఇప్పచెట్ల దిబ్బ, చేను, వెదురు పొదల వెనక వాగు, ఇవి లోపల. ఇంట్లో గోడల మధ్య ఆయన ఉన్నది వాన రాత్రులూ జ్వరం రాత్రులూ తప్ప తక్కువే. కాబట్టి ఆయన్ని ఆరుబయట ఇష్టపడినవాడు అంటే లెక్క తిరగబడుతుంది. ఇల్లు ఎక్కడ మొదలవుతుందో ఆయన లెక్క వేరు, మన లెక్క వేరు.

ఇక ప్రేమ. చెట్టు కొట్టినవాడిని ప్రేమికుడు అనవచ్చా అని ఒక ఆశ్రమ పాఠశాల పిల్లవాడు మమ్మల్ని అడిగాడు. మంచి ప్రశ్న. పుస్తకంలో 'చెట్లను నరకరాదు' అని ఉంది, ముత్తాత పోడు కొట్టాడని ఇంట్లో చెబుతారు, వాడు ఏది నమ్మాలి? తాత కొట్టాడు, తగలబెట్టాడు, నిజమే. సామ, కొర్ర, జొన్న, కంది కలిపి విత్తాడు. రెండు మూడేళ్ళు పండించి నేల అలిసిందని వదిలేసి పక్కకు జరిగాడు. కొట్టేటప్పుడు ఇప్ప మీద గొడ్డలి వేయలేదు, చింత మీద వేయలేదు, తునికి మొక్కలను వదిలాడు. మళ్ళీ ఆ నేలకు వచ్చేసరికి అక్కడ అడవి తలకంటే ఎత్తు పెరిగి ఉండాలి. తేనె తీసినప్పుడు పట్టులో కొంత ఉంచేవాడు. ఎందుకని అడిగితే "ఈగలు తినొద్దా" అనేవాడు, అంతకుమించి ఉపన్యాసం ఉండేది కాదు. దూరంగా నిలబడి చూసి ఆహా అనడం ఒక రకం ఇష్టం. తింటూ, తీసుకుంటూ, ఎక్కడ ఆపాలో తెలిసి ఉండడం ఇంకో రకం ఇష్టం. రెండోది కష్టం, ఎందుకంటే ఆకలితో ఉన్నప్పుడు కూడా ఆపాలి.

దీన్ని మరీ తీపి చేసి చెప్పడం కూడా మాకు ఇష్టం లేదు. మన పెద్దలందరూ అడవికి అన్నివేళలా మేలే చేశారంటే అది ఫ్లెక్సీ వెనకాల మంచుకొండ లాంటిదే అవుతుంది. రిజర్వు గీతలు బిగిసి, జనం పెరిగి, నేల తగ్గాక వదిలే ఏళ్ళు కూడా తగ్గాయి. పదేళ్ళు వదలవలసిన చోటికి నాలుగేళ్ళకే తిరిగి వచ్చినవాళ్ళున్నారు. పాపికొండల్లో కొండరెడ్ల దగ్గర ఉండి 1945లో పుస్తకం వేసిన హైమెన్‌డార్ఫ్, కలప, వెదురు వర్తకుల కూలి పనిలోకి వాళ్ళు ఎలా లాగబడ్డారో రాశాడు. ఇరుకులో పెట్టి చూసి వీళ్ళకు ఆగడం తెలియదు అనడం న్యాయం కాదు, ఇరుకు అనేదే లేదన్నట్టు మాట్లాడడమూ నిజం కాదు.

మా అయ్య పూర్తిగా ఆ ఇరుకు కాలం మనిషి. తాత చేసిన దాంట్లో సగం కూడా ఆయన చేయలేకపోయాడు. ఎండాకాలం తునికాకు. తెల్లవారకముందే పోయి కోసుకొచ్చి, యాభై ఆకులు కట్ట కట్టి కల్లంలో లెక్క చెప్పడం. మిరప తోటలకు కూలి. మధ్యలో కొన్నేళ్ళు జామాయిల్ మొక్కలు నాటే పని. ఒకప్పుడు తాత పోడు కొట్టి వదిలిన నేలలోనే అయ్య కూలికి జామాయిల్ గుంతలు తీశాడు. ఆ సంగతి మాకు చాలా ఏళ్ళ తరువాత, ఏదో మాటల్లో చెప్పాడు. కోపంగా చెప్పలేదు. "గుంత తీస్తుంటే మా అయ్య పాతిన రోకటి బండ తగిలింది, పక్కకు పెట్టి తీశాను" అన్నాడు. ఆ మాట మీద మేము చాలా ఆలోచించాము. ఆయన ఆ కూలి చేసి ఉండకూడదా? ఆ డబ్బుతోనే మాకు బట్టలు, పలకలు వచ్చాయి. చేసినవాడిని తప్పు పట్టే హక్కు ఆ పలకల మీద అక్షరాలు దిద్దిన మాకు లేదు. ఆ బండను పక్కకు పెట్టాడు చూడండి, ఆయన చేతిలో ఉన్న స్వేచ్ఛ అంత. ఉన్నంతలో దాన్ని వాడుకున్నాడు.

అయ్యకు సంతోషం తొలకరిలో ఉండేది. శబరికి కొత్తనీరు వచ్చి ఎర్రగా తిరిగినప్పుడు వాగుల్లోకి చేప ఎదురెక్కుతుంది. కూలి మానేసి పోయేవాడు. కూలి మానితే అమ్మ కోప్పడేది. ఒక్కోసారి సాయంత్రం దాకా నీళ్ళలో నిలబడి ఉత్త చేతులతో వచ్చేవాడు. ముఖం మాత్రం పెళ్ళికి పోయి వచ్చినవాడిలా ఉండేది. తాతలో కలిసి ఉన్న పనీ ఇష్టమూ అయ్యలో విడిపోయాయి, ఏడాదిలో నాలుగు రోజులు మాత్రం మళ్ళీ కలుసుకునేవి. ఆయన్ని తలుచుకున్నప్పుడు మూడు వందల రోజుల కూలిని తలుచుకోవాలా, ఆ నాలుగు రోజులనా? మా అన్న కూలినే తలుచుకోవాలంటాడు, ఎందుకంటే మనల్ని పెంచింది అది. మా చిన్నవాడు ఆ నాలుగు రోజుల్లోనే అయ్య అయ్యలాగా ఉన్నాడంటాడు.

ఇంతవరకు మాటల గొడవ. ఇప్పుడు నేల గొడవలోకి వస్తాము, ఎందుకంటే పెద్దలను ఎలా గుర్తుపెట్టుకుంటాం అనేది మనకు ఉత్త మనసు సంగతి కాదు.

2006 అటవీ హక్కుల చట్టం, 2008 మొదటి రోజు నుంచి అమలుకు వచ్చిన దాని నియమాలు మనవాళ్ళకు ఒక అపురూపమైన మాట చెప్పాయి. కాగితం లేకపోయినా సరే, క్లెయిము పెట్టినవాడు కాక ఊరి పెద్ద ఇంకొకరు చెప్పిన మాటను రాసుకుంటే అది ఆధారం. పాత బావి, శ్మశానం, పవిత్ర స్థలం, ఇవీ ఆధారాలు. వంశక్రమం చెప్పడం కూడా ఆధారంగా పనికి వస్తుంది. అంటే ముసలివాళ్ళ జ్ఞాపకం గ్రామసభలో సాక్ష్యం అయింది. అంతకుముందు ఏ చట్టం దగ్గరా మన తాతల మాటకు అంత విలువ దొరకలేదు. దీన్ని మనం తక్కువ చేయకూడదు.

కానీ దాంట్లో ఒక మెలిక ఉంది. వ్యక్తి పేర వచ్చే హక్కు 2005 డిసెంబరు 13 నాటికి సాగులో, స్వాధీనంలో ఉన్న నేలకు, నాలుగు హెక్టార్లకు మించకుండా. మా అయ్య క్లెయిము పెట్టాడు. సర్వేకు వచ్చినవాళ్ళు జీపీఎస్ యంత్రం పట్టుకుని పంట ఉన్న చెలక చుట్టూ తిరిగారు. అయ్య చేయి చాపి అటువైపు చూపించాడు, అవి కూడా మావే, మా అయ్య వదిలినవి. వాళ్ళు చూశారు, అక్కడ అడవి ఉంది. అడవి ఉంటే సాగు ఎక్కడుంది అన్నారు. పంట ఉన్నదానికే పట్టా వచ్చింది.

ఇక్కడ ఒక న్యాయం ప్రశ్న నిలబడి ఉంది. తాత కొట్టిన నేలకు సాక్ష్యం దొరికింది. తాత వదిలిన నేలకు దొరకలేదు. ఆయన చేసిన పనుల్లో మనం మంచిదని చెప్పుకునేది, నేల అలిసిందని తెలిసి పక్కకు జరగడం, అదే ఆయనకు ఎదురు సాక్ష్యం అయింది. వదలకుండా ఏటేటా దున్నినవాడికి గట్లు మిగిలాయి, గట్లు ఫొటోలో పడతాయి. ఆగినవాడి గుర్తు ఏమిటి? తలకంటే ఎత్తు పెరిగిన చెట్లు. అవి తమంతట తామే పెరిగినట్టు కనిపిస్తాయి. మనిషి చేసినది మనిషి ఆనవాలుగా కనిపిస్తుంది, మనిషి మానుకున్నది ఎవరి ఆనవాలుగానూ కనిపించదు. లోకంలో జరిగే మంచిలో ఎంత భాగం ఇలా మానుకున్నదో, దాన్ని ఎవరూ లెక్క రాయరు కాబట్టి చెప్పలేము.

చట్టంలోనే ఇంకో తలుపు ఉందని అనుభవం ఉన్నవాళ్ళు చెబుతారు, నిజమే. ఊరు ఉమ్మడిగా కాపాడుకుంటూ వచ్చిన అడవి మీద సామూహిక హక్కు కోరవచ్చు. వదిలిన నేలలు అందులోకి వస్తాయి. అయితే దానికి ఎల్లలు చెప్పాలి, చోట్ల పేర్లు చెప్పాలి, ఎవరు ఎప్పుడు ఏం చేశారో చెప్పాలి. మన ఊళ్ళో ఇప్పుడు ఆ పేర్లు తెలిసినవాళ్ళు ఎంతమంది? డోలోళ్ళు పడిగె పట్టి గోత్రాల కథ చెప్పినప్పుడు మూలపురుషులు ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చారో చోటు చోటూ చెబుతారు. కష్టపడ్డాడు, ప్రేమించాడు అని పొగడ్తలతో సరిపెట్టరు. గుర్తుపెట్టుకోవడం అంటే చోటు పేరు చెప్పడం అని వాళ్ళకు తెలుసు.

చోటు కూడా నిలవడం లేదు, అది ఇంకో కథ. మా తాత పుట్టినప్పుడు భద్రాచలం తాలూకా గోదావరి జిల్లాలో ఉంది. 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం కోసం మా మండలాలను మళ్ళీ తూర్పుగోదావరిలో కలిపారు. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లా అన్నారు. మా ఇల్లు గజం కూడా జరగలేదు. ఆ ఏడాదే జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. శబరి వెనక్కి తన్ని ఏటి పక్క పల్లంలో ఉన్న మా శ్మశానం మునిగింది. అక్కడ మా తాత పేర నిలబెట్టిన రాయి ఉంది. నీళ్ళు తీశాక ఒండ్రులో నడుం దాకా కూరుకుపోయి కనిపించింది. ప్రాజెక్టు నిండితే అది ఎప్పటికీ నీళ్ళలోనే అంటున్నారు. కొన్ని ఊళ్ళవాళ్ళు కాలనీలకు పోయారు.

రాయిని తీసి పైకి తేవాలా వద్దా అని ఇంట్లో రెండో వాదన. నిలబెట్టిన రాయిని కదపకూడదని పెద్దలు చెప్పారు కదా, నీళ్ళలో ఉన్నా ఆయన చోటు అదే అని కొందరం. కదపకపోతే మన పిల్లలకు చూపించడానికి ఏం మిగులుతుంది అని కొందరం. కదపకూడదన్న పెద్దలు ఆనకట్టను చూడలేదు. వాళ్ళ మాటను అక్షరంగా పాటించడమా, వాళ్ళు ఇప్పుడుంటే ఏమనేవారో ఊహించి నడవడమా? రెండోదాంట్లో ప్రమాదం ఉంది. చనిపోయినవాళ్ళు ఏమనేవారో ఊహించేటప్పుడు మనకు కావలసిందే వాళ్ళ నోట పెడతాం. మొదటిదాంట్లోనూ ప్రమాదం ఉంది. మాకు తోచినంతవరకు రాయి గురించి తేల్చవలసింది ఒక్క ఇంటివాళ్ళు కాదు, ఊరు. పండుగకు అందరూ కూడినప్పుడు అడుగుతాము. దేన్ని ఎప్పుడు వదలాలో తాతకు తెలిసినట్టు మాకు తెలియదు, ఈ తరానికి ఆ విద్యే అన్నిటికంటే అవసరం పడేట్టుంది.

ఈలోపు ఒక పని మొదలుపెట్టాము. తాత వదిలిన నేలల పేర్లు రాస్తున్నాము. అయ్య ఉండగా చెప్పినవి ఆరు. ఎలుగు కూర్చున్న బండ, రెండిప్పల చెలక, తేనెరాయి కింద, పిల్ల తప్పిన చోటు, వెదురు పూసిన దిబ్బ, రోకటి బండ. చివరిది ఇప్పుడు జామాయిల్ తోట. ఒక్కో పేరు దగ్గర ఏ పంట వేశారు, ఎన్నేళ్ళు వేశారు, ఏ ఏడు వదిలారు అని రాసుకుంటున్నాము. ఏడు అంటే అంకె కాదు, 'పెద్ద వరద ముందటి ఏడు', 'పెద్దక్క పుట్టిన ఏడు' అని. 1986 వరదను లెక్కపెట్టుకుని మిగతావి సరిచూస్తున్నాము. టీచర్లకు ఒక మాట. 'మా తాత' అని వ్యాసం రాయమన్నప్పుడు ఆయన గుణాలు రాయమనకండి, ఆయన నడిచిన చోట్ల పేర్లు రాయమనండి. పిల్లలు ఇంటికి పోయి అడిగి తీరాలి, గైడులో దొరకవు.

ఏడో పేరు మా మేనత్త దగ్గర దొరికింది. ఆమె పెళ్ళయి అవతలి ఊరికి పోయి యాభై ఏళ్ళు దాటింది. ఆడపిల్ల కాబట్టి ఆమెకు నేల రాలేదు, కానీ దుంపలకూ అడ్డాకుకూ వదిలిన చేలలో తిరిగింది ఎక్కువగా ఆమే. 'కోడలి చేను' అని ఒకటుంది, మీ అయ్యకు కూడా సరిగా తెలియదు, వాడు అప్పటికి చంటివాడు అంది. ఎక్కడుందని అడిగితే నోటితో చెప్పడానికి కుదరదంది. చెట్లు చూస్తే గుర్తుపడుతుందట. మోకాళ్ళ నొప్పి, ఇప్పుడు కొండ ఎక్కలేనంది. కొర్రలు కోసుకున్నాక, ఎండ కాస్త తగ్గాక వస్తే నెమ్మదిగా నడిచి చూపిస్తానంది. చిన్నదాన్ని కూడా తీసుకురండి అంది, మా అక్క కూతుర్ని.